ఎన్‌డీఏ చదువు నిజంగా ఫ్రీయేనా?
మా అక్క కొడుకు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఎన్‌డీఏలో, అదే సైన్యానికి ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరినప్పట్నుంచి చుట్టాలందరిదీ ఒకటే లెక్క, మూడేళ్లు చదువు ఫ్రీ, తిండి ఫ్రీ, యూనిఫాం ఫ్రీ, చివర్లో జేఎన్‌యూ డిగ్రీ, ఇంకేం కావాలి లాటరీ తగిలినట్టే అని. మా బావయితే పక్కింటోళ్లు ఇంజినీరింగ్ సీటుకి కట్టిన డొనేషన్‌తో పోల్చి మరీ చెప్తున్నాడు. కాదనను, మొదట్లో కట్టే డిపాజిట్టూ పాకెట్ మనీ తప్ప ఇంటి మీద భారం లేదు, తర్వాత డెహ్రాడూన్ ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీ) ట్రైనింగ్‌లో ఉన్న ఏడాది నెలకి 56,100 స్టైపెండ్ కూడా.

కానీ రూల్స్ ఎవరు చదువుతారండీ? మధ్యలో నాకొద్దని వచ్చేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలి, పేరెంట్స్ దగ్గర ముందే బాండ్ రాయించుకుంటారు. అదైనా న్యాయమే అనుకుందాం, ట్రైనింగ్‌లో గట్టి దెబ్బ తగిలి ఇంటికి పంపిస్తే? ఇంకా ఆఫీసర్ కాలేదు కాబట్టి ఎక్స్ సర్వీస్‌మన్, అంటే మాజీ సైనికుడి హోదా ఇవ్వరట, 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసుగా తీసుకునేదాకా నాకైతే ఈ పిల్లల సంగతే తెలీదు. ఇది ఏ డొనేషన్ లెక్కలో వేస్తాం బావా?

మొన్న సెలవులకొచ్చాడు వాడు, మోచేతులు రెండూ చెక్కుకుపోయి నల్లగా పక్కులు కట్టున్నాయి, సోఫాలో కూర్చుంటే చాలు నిద్రే. వెళ్తూ వెళ్తూ షూ పాలిష్ డబ్బాలు కొనిపించుకున్నాడు, అవి మాత్రం ఫ్రీ కాదంట 😄