యాభై దాటాక మళ్లీ బరువులు: పది సెకన్లు పైకి, పది సెకన్లు కిందికి

చాలా ఏళ్ల తర్వాత జిమ్‌కి వచ్చినవాళ్లు ముందు వెతికేది తమ పాత బరువునే. కండరం పాత పనిని త్వరగానే అందుకుంటుంది. కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువులు అంత తొందరగా గట్టిపడవు. భుజం, మోచేయి, మోకాలు మొరాయించేది ఆ తేడా వల్లే. బరువుని పది సెకన్లలో ఎత్తి పది సెకన్లలో దించే నెమ్మది పద్ధతిలో ఊపూ కుదుపూ ఉండవు, తక్కువ బరువుతోనే కండరం అలిసిపోతుంది. ఈ వయసుకి అది బాగా నప్పుతుంది.

దీనికి పేరు తెచ్చినవాడు అమెరికాలో కెన్ హచిన్స్. 1982లో ఫ్లోరిడాలో ఎముకలు గుల్లబారిన పెద్దవయసు ఆడవాళ్లతో నాటిలస్ కంపెనీ జిమ్ మెషిన్ల మీద వ్యాయామం చేయిస్తూ వేగం తగ్గించాడు. మొదట్లో లెక్క పది సెకన్లు ఎత్తడం, ఐదు దించడం. పదీ పదీ తర్వాత వచ్చింది.

మామూలు వేగంతో పదిసార్లు ఎత్తగలిగే బరువు చూసుకుని, అందులో సగంతో మొదలుపెట్టండి. లెగ్ ప్రెస్ (కాళ్లతో తోసేది), చెస్ట్ ప్రెస్ (ఛాతీ ముందు చేతులతో తోసేది), సీటెడ్ రో (కూర్చుని ఒంటివైపు లాగేది), లాట్ పుల్‌డౌన్ (పైనుంచి కిందికి లాగేది) చాలు. ఒక్కోటి ఒక్క సెట్, అంటే ఆపకుండా ఒక్క విడత, 60 నుంచి 90 సెకన్లు. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. మొదటి మూడు వారాలు పూర్తిగా చేతకానిదాకా లాగొద్దు. 90 సెకన్లు శుభ్రంగా దాటితే అప్పుడు ఐదు శాతం పెంచండి.

లెగ్ ప్రెస్‌లో అసలు కిటుకు మొదటి రెండు మూడు సెకన్లలో ఉంది. పాదాలతో ఒత్తిడి మెల్లగా పెంచుతూ పోవాలి, బరువు ప్లేటు తనంతట తాను లేచినట్టుండాలి. తన్నారంటే మిగతా ఏడు సెకన్లు ఊపే మోస్తుంది. పైన మోకాళ్లు పూర్తిగా చాపేస్తే బరువు ఎముకల మీదికి పోయి కండరం దొంగ విశ్రాంతి తీసుకుంటుంది. కాస్త ముందే ఆపి వెనక్కి తిప్పండి. కింద ప్లేట్లు టంగుమన్నాయంటే దించడం తొందరైనట్టే. కష్టమయ్యేకొద్దీ మనసులో లెక్క పరిగెడుతుంది కాబట్టి సెకన్ల ముల్లున్న గడియారం ఎదురుగా ఉండాలి.

అన్నిటికంటే ప్రమాదం ఊపిరి బిగబట్టి ముక్కడం. బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. నోరు తెరిచి, చిన్న చిన్న ఊపిర్లు వదులుతూనే ఉండాలి. పళ్లు కొరకొద్దు, పిడికిలి బిగించొద్దు. తల వెనక హఠాత్తుగా నొప్పి పుడితే అక్కడితో ఆపేసి డాక్టర్‌కి చూపించుకోవాలి. బీపీ, హెర్నియా, షుగర్ వల్ల కంటి రెటీనా సమస్య ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో చేయకూడదు.

జిమ్ దూరమైతే కుర్చీలోంచి పది సెకన్లలో లేచి పది సెకన్లలో కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్‌లు. చూడ్డానికి తేలికే, నాలుగోసారికి తొడలు వణుకుతాయి.

మామూలు వేగం కంటే దీంతో కండ ఎక్కువ పెరుగుతుందనే ప్రచారం నమ్మొద్దు, అలాంటి రుజువు లేదు. పైగా కాలు జారినప్పుడు తమాయించుకునే చురుకు నెమ్మది కదలికతో రాదు. మోకాళ్లు సహకరిస్తే, విరామం రోజున కుర్చీలోంచి చకచకా ఐదారుసార్లు లేవడం విడిగా చేసుకోవాలి.