తొప్పి మోత గోడ దాటకుండా

మృదంగం నేర్పేవాడు అపార్ట్‌మెంట్‌లో కాపురం ఉంటే ఇంట్లో అందరూ ఎంతో కొంత సర్దుకుపోవాల్సిందే. మా ఇంట్లో ఆ భారం ఎక్కువగా అమ్మ మీద పడింది. విజయవాడ సత్యనారాయణపురంలో మాది పాత ఫ్లాటు. నేను పాఠాలు చెప్పే గదికీ అమ్మ పడుకునే గదికీ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల గోడ. నేను ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేది అమెరికాలోని డల్లాస్ పిల్లలకి. వాళ్లు బడి నుంచి వచ్చి, హోంవర్కు ముగించుకుని సాయంత్రం ఏడింటికి కూర్చున్నారంటే మనకి వేసవిలో తెల్లవారుజాము అయిదున్నర. డెబ్బై దాటాక అమ్మకి రాత్రంతా దొర్లడమే సరిపోతోంది, కాస్త కన్నంటుకునేది సరిగ్గా ఆ వేళకే. "నాకు అలవాటేలే నాన్నా, నువ్వు కానియ్" అనేది. అలవాటైతే పొద్దున్నే కళ్లు అలా ఎర్రబడి ఉండవు. మన దేశంలో శబ్ద కాలుష్య నియమాల ప్రకారం కూడా రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా. అంటే నా మొదటి క్లాసు చట్టం లెక్కలోనూ రాత్రివేళే.

క్లాసు వేళ మార్చడం కుదరదు, ఇల్లు మారే ఆలోచన లేదు. మిగిలింది గోడ.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకి ముందు ఒక మాట చెప్పాలి. గోడ మందం సంగతి తర్వాత, దానికున్న కన్నాలు ముందు వెతకండి. వంద చదరపు అడుగుల గోడలో ఒక్క చదరపు అడుగు ఖాళీ ఉంటే, మిగతా తొంభై తొమ్మిది అడుగులూ కోట గోడంత మందంగా ఉన్నా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) మించదు. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న మామూలు ఇటుక గోడ ఒక్కటీ సుమారు 45 డెసిబెల్స్ దాకా ఆపగలదు. అంటే మన గోడలు మనం అనుకున్నంత చెడ్డవేమీ కావు. వాటిని చెడగొట్టేది కన్నాలే.

మా ఇంట్లో మొదటి కన్నం స్విచ్ బోర్డు దగ్గర దొరికింది. మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్ చేత నా గదిలో ప్లేటు విప్పించాను. లోపల టార్చి వేసి చూస్తే అటువైపు అమ్మ గది బోర్డు వెనకభాగం కనిపించింది. రెండు ఇనుప పెట్టెలనీ ఒకే చోట వెన్నుకి వెన్ను ఆనించి పెట్టేశారు. నాలుగున్నర అంగుళాల గోడలో రెండంగుళాల పెట్టె ఇటొకటి అటొకటి పెడితే మధ్యలో ఇంక ఇటుక ఎక్కడుంటుంది? వైర్లు రావడానికి వదిలిన రంధ్రాల్లోంచి అమ్మ గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అమ్మ వైపు బోర్డు అక్కడే ఉంచి, నా వైపుది పక్క గోడ మీదికి మార్పించి, ఆ గుంత నిండా సిమెంటు మాలు కూరించాను.

రెండోది అటక మీద. పాత ట్రంకు పెట్టెలు, బొమ్మల కొలువు సామాను దించి చూస్తే పైన బీము కింద గోడకి ప్లాస్టరింగే లేదు. చివరి వరస ఇటుకలకీ బీముకీ మధ్య సందులో నా చిటికెన వేలు దూరింది. ఇది ఒక్క మా ఇంట్లోనే ఉండే లోపం కాదు. గోడ కట్టేటప్పుడు కింది వరసల మాలు ఆరి కాస్త సర్దుకుంటుంది కాబట్టి, పై వరస వెంటనే బిగించకుండా సందు వదిలి తర్వాత పూడుస్తారు. కంటికి కనిపించే చోట పూడుస్తారు. అటక పైన, ఫాల్స్ సీలింగ్ పైన అడిగేవాడు లేక అలాగే వదిలేస్తారు. మా మేస్త్రీ గారు ఓపిగ్గా పైకెక్కి చిన్న తాపీతో మాలు కొట్టి బిగించారు. ఆ తర్వాత సున్నం కూడా వేస్తానన్నారు. అక్కడ అందం అక్కర్లేదు, గాలి ఆడకుండా ఉంటే చాలన్నాను.

మూడోది తలుపులు. రెండు గదుల తలుపులూ హాల్లోకే తెరుచుకుంటాయి. నా గది తలుపు కింద అరంగుళం సందు, పైన గాజుపలకల వెంటిలేటరు. శబ్దం గోడలోంచి రాకపోయినా హాలు చుట్టి వస్తుంది. వెంటిలేటరులో మందపాటి ప్లైవుడ్ బిగించి, అంచుల్లో సిలికాన్ పూసి, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద నేలకి ఆనే రబ్బరు సీలు పెట్టించాను. గాలి కోసం రోడ్డు వైపు కిటికీ ఉంది. అది లేని గదిని ఇలా బిగించేస్తే లోపలున్నవాళ్లకి ఊపిరాడదు, ఈ సంగతి మరిచిపోకండి.

ఇంతవరకూ అయ్యాక అమ్మ మంచం తలగడ దగ్గర ఫోన్ పెట్టి కొలిచాను. ఫోన్ యాప్ చూపించే అంకెని అచ్చంగా నమ్మనక్కర్లేదు. అదే ఫోను, అదే చోటు, అదే వాయింపు అయితే ముందుకీ తర్వాతకీ ఉన్న తేడా మాత్రం పనికొస్తుంది. దాదాపు పది డెసిబెల్స్ తగ్గింది. చెవికి అది సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది. నా గొంతు, కుడి చేత్తో వేసే చాపు, నామ్ దెబ్బలు అన్నీ పోయాయి. మృదంగం ఎడమ ముఖమైన తొప్పి మోత మాత్రం పోలేదు.

ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వముద్ద అద్ది "తోం" అని వదిలితే వచ్చేది బాగా కింది స్థాయి నాదం. వంద హెర్ట్జ్ నాదం (సెకనుకి వంద కంపనాలు) తీసుకుంటే దాని తరంగం పొడవు సుమారు 11 అడుగులు. మా గది పొడవూ ఇంచుమించు అంతే. రెండంగుళాల స్పాంజిని అది లెక్క చేయదు. గుడ్ల అట్టలు, పిరమిడ్ ఆకారం ఫోమ్ పలకలు గోడకి అంటిస్తే శబ్దం బయటికి పోదని చాలామంది నమ్ముతారు. నా దగ్గరా ఆ ఫోమ్ ఉంది. అది గదిలో మారుమోత తగ్గిస్తుంది, అవతల పిల్లలకి మైకులో సొల్లు, అంటే నోటితో పలికే మృదంగం దెబ్బలు, స్పష్టంగా వినిపిస్తుంది. అందుకు మంచిదే. పక్కగదికి పోయే శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి. గోడ బరువు రెండింతలైతే ఆరు డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది. కానీ ఉన్న గోడకి ఇంకో నాలుగున్నర అంగుళాల గోడ తోడుగా కడితే ఆ బరువు మోయడానికి కింద స్లాబు ఒప్పుకోవద్దూ? అందుకే రెండో దారి, అంటే గోడని తాకకుండా ముందు ఇంకో తేలిక గోడ నిలబెట్టడం.

సీలింగ్ పని చేసే కాంట్రాక్టరు వచ్చి, "ఎందుకు గురువుగారూ అంత ఖర్చు, బోర్డు గోడకే కొట్టేసి మధ్యలో థర్మాకోల్ పెట్టేస్తాం" అన్నాడు. మంచివాడే, తన పనిలో నేర్పరే. అయితే థర్మాకోల్ వేడిని ఆపుతుంది, దానికి బరువు లేదు, శబ్దాన్ని పీల్చుకునే గుణమూ లేదు. పైగా గోడకి అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు ఎడంతో బోర్డు అంటిస్తే మధ్యలో చిక్కిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. ఆ స్ప్రింగు, బోర్డు కలిసి కింది స్థాయి నాదాల దగ్గరే ఎక్కడో ఊగడం మొదలుపెడతాయి. నా తొప్పి పలికే చోటుకి దగ్గర్లోనే. ఖర్చు పెట్టి మోత పెంచుకున్నట్టు అవుతుంది. ఎడం పెరిగేకొద్దీ ఆ ఊగే స్థాయి కిందికి దిగుతుంది. బోర్డు రెండు పొరలై, ఎడం మూడంగుళాలు ఉంటే సుమారు 50 హెర్ట్జ్‌కి పోతుంది, అక్కడ మృదంగానికి పెద్దగా పని లేదు.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అతను శ్రద్ధగా విన్నాడు, తర్వాత నేను చెప్పినట్టే చేశాడు. పాత గోడకి అంగుళం ఎడంగా జీఐ (జింకు పూత వేసిన ఇనుప) ఫ్రేము. దాని కింద, పైన, పక్కల కాంక్రీటుకి తగిలే ప్రతిచోటా రబ్బరు పట్టీ. ఫ్రేములో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పలకలు, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రతవి. దాని మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు రెండు పొరలు, మొదటి పొర అతుకుల మీద రెండో పొర అతుకులు రాకుండా. చుట్టూ అంచుల్లో కొంచెం సందు వదిలి, అందులో ఎప్పటికీ మెత్తగా ఉండే అకౌస్టిక్ సీలెంటు. అక్కడ పుట్టీ పెడితే కొన్నాళ్లకి పగుళ్లిచ్చి మళ్లీ కన్నమే. ఒక్క స్క్రూ అయినా పాత గోడలోకి దిగిందంటే అది వంతెనలా శబ్దాన్ని దాటించేస్తుంది, కాబట్టి ఆ పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. రాక్‌వూల్ పరిచే కుర్రాళ్లకి మాస్కులు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కాలు తప్పనిసరి అన్నాను. రాతిని కరిగించి తీసిన పోగులవి, ఒంటికి తగిలితే దురద, ఊపిరిలోకి పోతే ఇబ్బంది. వాళ్లు నవ్వేశారు గానీ ఇచ్చాక వేసుకున్నారు.

గదిలో నాలుగంగుళాలు పోయాయి. తంబురా పెట్టె జరపాల్సి వచ్చింది, అంతే.

నేల కూడా చూసుకోవాలి. మృదంగాన్ని కాలి మీద ఆనించి కూర్చుంటాం కదా, ఆ కంపనం ఒంట్లోంచి స్లాబులోకి దిగి, స్లాబు వెంట పక్కగది మంచం కోళ్ల దాకా పోతుంది. గోడ ఎంత బిగించినా దీన్ని ఆపదు. మందపాటి రబ్బరు మ్యాటు పరిచి, దాని మీద రెండు పొరల ప్లైవుడ్ పీట, పైన జంపఖానా వేశాను. పీట ఏ గోడకీ తగలకూడదు. కింది ఫ్లాటు వాళ్లు కూడా తేడా తెలుస్తోందన్నారు.

ఇప్పుడు తెల్లవారుజామున అమ్మ గదిలో తొప్పి వినిపించదని అనను. ఫ్యాను తిరుగుతుంటే వినిపించదు, ఫ్యాను ఆపితే దూరంగా ఎవరో వాయిస్తున్నట్టు ఉంటుంది. అమ్మ ఏడున్నర దాకా నిద్రపోతోంది. మిగిలిన బలహీనమైన చోటు తలుపే. మాది లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోర్, చుట్టూ ఎంత రబ్బరు పెట్టినా తలుపుకే బరువు లేదు. గట్టి కర్ర తలుపు చేయించాలి, వడ్రంగి శ్రావణం దాటాక వస్తానన్నాడు.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు అయితే ఇంత తంటా పడక్కర్లేదు. పడకగదుల మధ్య తేలికపాటి ఏఏసీ (గాలి బుడగల కాంక్రీటు) బ్లాకు బదులు ఫ్లైయాష్ ఇటుకో ఎర్ర ఇటుకో వాడమని ముందే చెప్పండి. అదే మందానికి వాటి బరువు రెండింతలు పైనే ఉంటుంది. మా వైపు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద పుణ్యమా అని ఫ్లైయాష్ ఇటుకకి కొదవ లేదు. అదనపు బరువుకి తగ్గట్టు బీములు ఉన్నాయో లేదో ఇంజినీరుని ఒకసారి అడగండి. ఎలక్ట్రీషియన్ గోడ కొట్టేముందు, రెండు గదుల బోర్డులకీ మధ్య కనీసం రెండడుగుల ఎడం ఉండేలా గోడ మీద చాక్‌పీసుతో మీరే గీసి ఇవ్వండి. ఫాల్స్ సీలింగ్ మూసేలోపు నిచ్చెనెక్కి బీము కింద సందు చూడండి. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ ఎనిమిదో భాగంలో ఇంట్లో శబ్దం గురించి ఒక విభాగమే ఉంది, మీ ఇంజినీరుని అది తీసి చూడమనండి.