తోతో పుట్టిన పేటలో

నేపుల్స్ పురావస్తు మ్యూజియం నుంచి సానితా పేటకు నడిచే వెళ్లొచ్చు. వెర్జినీ వీధిలో కూరగాయల బళ్లూ చేపల తట్టలూ దాటి, మనుషుల మధ్యనుంచే దూసుకుపోయే స్కూటర్లను తప్పించుకుంటూ సాంతా మరియా ఆంటెసేకుల వీధికి చేరాను. ఇటలీని కడుపుబ్బ నవ్వించిన సినీ హాస్యనటుడు తోతో 1898 ఫిబ్రవరి 15న పుట్టింది ఈ ఇరుకు సందులోనే, 109వ నంబరు ఇంట్లో.

అమ్మ అన్నా క్లెమెంతెకు అప్పటికి పెళ్లి కాలేదు. మార్క్విస్ అనే ప్రభు బిరుదున్న వంశానికి చెందిన తండ్రి తన పేరు ఇచ్చింది చాలా ఏళ్ల తర్వాత. పెద్దయ్యాక తోతో కోర్టుకెక్కి మరీ పాత తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియం రాజవంశపు బిరుదులు సాధించుకున్నాడు. అదే మనిషి, పక్కపక్కనే సమాధైన ఒక మార్క్విస్, ఒక వీధులూడ్చేవాడు వాదులాడుకునే 'ఆ లివెల్లా' కవితా రాశాడు. అందులో ఆఖరి మాట వీధులూడ్చేవాడిదే.

ఆ మేడల కింద నిలబడితే నాకు 1954 నాటి 'మిజేరియా ఎ నోబిల్తా' సినిమా కళ్లముందు మెదిలింది. రోజుల తరబడి పస్తులున్న కుటుంబం ముందుకు ఉన్నట్టుండి స్పగెట్టి వస్తుంది. అందరూ చేతుల్తోనే ఎగబడతారు. తోతో బల్ల మీదికెక్కి చిందులేస్తూ, నోట్లో కుక్కుకున్నది చాలక, కోటు జేబుల్లోనూ గుప్పెళ్లతో కూరుకుంటాడు. రేపు దొరుకుతుందో లేదోనన్న బెంగ ఆ చేతుల్లో కనిపిస్తుంది. చిన్నప్పుడు ఈ సందుల్లో తిరిగినవాడు కాబట్టే ఆకలిని అంత నిజంగా ఆడగలిగాడని నా నమ్మకం.

దాదాపు వంద సినిమాలు చేశాడు. విమర్శకులు చాలాకాలం చిన్నచూపు చూశారు. 1957లో చూపు దాదాపుగా పోయింది. అయినా ఆపలేదు. 1966లో దర్శకుడు పసోలిని సినిమా 'ఉచ్చెల్లాచ్చి ఎ ఉచ్చెల్లీని'లో ఆయన నటనకు కాన్ చలనచిత్రోత్సవంలో ప్రత్యేక ప్రశంస దక్కింది. కెమెరా ముందు ఆ అడుగుల్లో తడబాటు ఎక్కడుందో చెప్పండి చూద్దాం!

అక్కణ్నుంచి సాంతా మరియా దెల్లా సానితా చర్చికి వెళ్లాను. 1967 ఏప్రిల్ 15న రోములో తోతో పోయాడు. అక్కడొకసారి, నేపుల్స్‌లో ఒకసారి అంత్యక్రియలు జరిగాయి. పేటవాళ్లకు అది చాలలేదు. మా బిడ్డను మేమూ సాగనంపుకోవాలని, నెల దాటాక ఖాళీ శవపేటిక పెట్టి ఈ చర్చిలో మూడోసారి జరిపించారు. పెట్టెలో ఎవరూ లేరని తెలిసే జనం విరగబడి వచ్చారు.