భైరవ గిన్నెలో ఏముందో ఇంటిల్లిపాదికీ తెలియాలి

కుక్కకు విరేచనాలు పట్టుకుంటే మా కావలిలో ఎవరైనా మొదట అనే మాట, 'వీధిలో ఏదో తిని ఉంటుంది' అని. చాలాసార్లు అది నిజమే, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. కానీ మూడు వారాలు దాటినా అదే మాట చెప్పుకుంటూ కూర్చుంటే ప్రాణం మీదకు వస్తుంది.

మా భైరవ జర్మన్ షెపర్డ్. పేగులకు సంబంధించిన దీర్ఘకాలిక జబ్బులు ఎక్కువగా కనిపించే జాతుల్లో ఇదొకటి. వాడికి ఆకలి తగ్గలేదు. గిన్నె నాకి మెరిపించేవాడు. అయినా నిమిరితే వెన్నుపూసలు చేతికి తగిలేవి. నీళ్ల విరేచనాలు, అప్పుడప్పుడు పసుపు నురగ వాంతి. ఊళ్లో చూపించిన ప్రతిసారీ ఒక ఇంజెక్షన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు. వాడినన్నాళ్లు తగ్గేది, ఆపగానే మళ్లీ మొదలయ్యేది. ఆ బిళ్లలు పదే పదే వేస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులూ దెబ్బతింటాయి. ఇది నాకు తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాకే తెలిసింది.

అక్కడి డాక్టరుగారు వెంటనే 'ఐబీడీ' (పేగుల్లో వాపు తగ్గకుండా ఉండిపోయే జబ్బు) అని పేరు పెట్టలేదు. మిగతావేవీ కావని తేలాకే ఆ పేరు పెట్టాలన్నారు. మలంలో కొంకి పురుగులు, జియార్డియా అనే పరాన్నజీవి ఉన్నాయేమో చూడాలి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా అనే జబ్బు మన వైపు ఎక్కువ కాబట్టి రక్తపరీక్ష తప్పదు. క్లోమం జీర్ణరసాలు చాలినంత ఊరకపోయినా అచ్చం ఇవే లక్షణాలు ఉంటాయి, అదీ షెపర్డ్‌లలో ఎక్కువే. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్ డెసిలీటరుకు 2 గ్రాముల కన్నా తగ్గితే పేగుల గుండా ప్రొటీన్ కారిపోతోందేమోనని భయపడాలి, పొట్టలో నీరు కూడా చేరవచ్చు. భైరవకు అంతదాకా రాలేదు.

తక్కువగా తేలింది బీ12. ఈ విటమిన్‌ను ప్రధానంగా చిన్నపేగు చివరి భాగమే పీల్చుకుంటుంది. అక్కడ వాపు ఉంటే తిండిలో ఎంత ఉన్నా ఒంటికి పట్టదు, అది లోపిస్తే మిగతా వైద్యమూ సరిగా పనిచేయదు. వారానికి ఒకటి చొప్పున 6 వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాత నెల రోజులకు మరొకటి, ఆపైన మళ్లీ పరీక్ష అని రాసిచ్చారు.

అసలు వైద్యం మాత్రం వంటింట్లోనే జరిగింది. ఇలా నెలల తరబడి బాధపడే కుక్కల్లో సగానికి పైగా తిండి మారిస్తేనే కోలుకుంటాయట. అందుకు వాడు పుట్టాక ఎన్నడూ తినని మాంసకృత్తులు కావాలి. ప్రొటీన్‌ను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసే హైడ్రోలైజ్డ్ మేత కూడా ఉంది, కానీ అంత పెద్ద కుక్కకు ఆ ఖర్చు మేం భరించలేం. కోడి, గుడ్డు, పెరుగు, పాలు అన్నీ వాడు తిన్నవే. ముళ్లు గుచ్చుకుంటాయని అత్తయ్య చేప మాత్రం ఏనాడూ పెట్టనివ్వలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టి చేప రుచి తెలియని కుక్క కావడం మాకు ఎంత మేలు చేసిందో!

జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే చేపలామె దగ్గర పండుగప్ప తీసుకునేదాన్ని. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించి, వేళ్లతో తడిమి తడిమి ముళ్లు ఏరి, ఉడికించిన బంగాళాదుంపతో కలిపి పెట్టేదాన్ని. నీళ్లు తప్ప మరేదీ వాడి నోట్లో పడకూడదు. వండటం సులువే. ఇంట్లోవాళ్ల ప్రేమను ఆపడమే కష్టం.

"పెరుగన్నం పెట్టకుండా దాన్ని ఎలా బతికిస్తావమ్మాయ్?" అని అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఆవిడ చేతి ముద్ద తినే పెరిగాడు వాడు. ఆవిడకు ఎదురు చెప్పలేక, ఆదివారం ఆదివారం బియ్యం కొట్టు కాటా దగ్గరకు ఆవిడనే వెంట తీసుకెళ్లి తూకం చూపించాను. రెండో వారానికే మలం గట్టిపడింది, తూకం మెల్లగా పెరిగింది. బాగా కుదురుకున్నాక డాక్టరుగారు చెప్పినట్టు కోడిమాంసం కొద్దిగా పెట్టి చూశాం. తిండే కారణమని నిర్ధారించుకోవాలంటే అది చేయాలి. మర్నాటికే మళ్లీ నీళ్ల విరేచనం. ఆ రోజు నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని భైరవకు కాపలా కాస్తున్నది అత్తయ్యే. వినాయక చవితికి ఉండ్రాళ్లు పట్టుకొచ్చిన పిన్నిగారిని కూడా వాడి వైపు వెళ్లనివ్వలేదు.

అన్ని కుక్కలకూ ఇది చాలదు. తిండి మార్చినా లొంగకపోతే ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి పరీక్షించి, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మందులు మొదలుపెడతారు. పేగుల్లో లింఫోమా అనే క్యాన్సర్ ఉంటే స్టెరాయిడ్ దాన్ని కనపడకుండా చేయగలదు కాబట్టి, వీలైతే ముక్క పరీక్ష ముందే చేయించడం మంచిది. స్టెరాయిడ్ మొదలయ్యాక దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి. ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

చేప, దుంప మాత్రమే ఏళ్ల తరబడి పెడితే కాల్షియం, కొన్ని ఖనిజాలు చాలవు. అందుకని ఇప్పుడు డాక్టరుగారు లెక్కకట్టి ఇచ్చిన పొడి కలుపుతున్నాం.

మీ కుక్కకూ ఇలా ఉంటే, డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఎవరేం పెడుతున్నారో అంతా కాగితం మీద రాయండి. పనిమనిషిని, ఎదురింటి పిల్లలను కూడా అడగండి. నులిపురుగులకు, గోమార్లకు వేసే నమిలే బిళ్లలనూ అందులో చేర్చండి. వాటిలో చాలావాటికి మాంసపు రుచి కలుపుతారు.