బంకర్ హిల్‌లో జాన్ ఫాంటే కోసం

లాస్ ఏంజెలెస్ వెళ్ళినవాళ్ళు హాలీవుడ్ అక్షరాలు చూస్తారు, సముద్రం చూస్తారు. నేను వెళ్ళింది అమెరికన్ రచయిత జాన్ ఫాంటే కోసం. ఆయన నవల 'ఆస్క్ ద డస్ట్' చదివినప్పటి నుంచి, అందులో కథానాయకుడు ఆర్తురో బాండినీ ఆకలితో తిరిగిన వీధుల్లో నడవాలని కోరిక.

పెర్షింగ్ స్క్వేర్‌లో మెట్రో దిగి హిల్ స్ట్రీట్ వెంట కాస్త నడిస్తే గ్రాండ్ సెంట్రల్ మార్కెట్, దానికెదురుగా ఏంజెల్స్ ఫ్లైట్. ఏటవాలు పట్టాల మీద నారింజ రంగు చెక్క పెట్టెలు రెండు, ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంది. ఈ బుల్లి రైలు 1901లో మొదలైంది. లోపల సీట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. కదిలినప్పుడు చెక్కంతా కిర్రుమంటుంది, సరిగ్గా కూర్చునేలోపే పైకి చేరిపోతాం. నవలలో బాండినీ దీని పక్కనున్న నూట నలభై మెట్లు పిడికిళ్ళు బిగించి దిగుతాడు. ఏ మనిషికీ భయపడడు, పక్కనున్న థర్డ్ స్ట్రీట్ సొరంగం అంటే మాత్రం హడలు. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. కార్ల హోరులో లోపలికి కొంతదూరం నడిచాక అతని భయం నాకు బాగానే అర్థమైంది.

రైలు చేర్చే బంకర్ హిల్ కొండ మీద మాత్రం ఫాంటే రాసినదేదీ మిగల్లేదు. అద్దెగదుల హోటళ్ళు, పాత చెక్క మేడలు, వాటిలో తలదాచుకున్న ముసలివాళ్ళు, నిరుద్యోగులు అందరూ పోయారు. 1959లో నగరపాలకులు పునర్నిర్మాణ పథకానికి ఒప్పుకున్నాక బంకర్ హిల్ మొత్తాన్ని ఖాళీ చేయించి కూలగొట్టారు. రైలును కూడా 1969లో విప్పేసి, 1996లో కాస్త పక్కకి జరిపి మళ్ళీ పెట్టారు. ఇప్పుడక్కడ అన్నీ అద్దాల టవర్లే. పేదవాళ్ళ పేటను అంత శుభ్రంగా తుడిచేశారంటే నాకు కోపమే వచ్చింది.

ఫాంటే 1909లో కొలరాడోలో పుట్టాడు. తండ్రి ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతం నుంచి వలస వచ్చిన తాపీమేస్త్రీ. ఆ తండ్రి కోపం, తాగుడు, ఇంట్లో పేదరికం, అమ్మ జపమాల అన్నీ 1938లో వచ్చిన మొదటి నవలలోకి ఎక్కాయి. మరుసటి ఏడే 'ఆస్క్ ద డస్ట్' వచ్చింది. పాపం, దాని ప్రచురణకర్తలు అదే సమయంలో హిట్లర్ పుస్తకాన్ని హక్కులు లేకుండా అచ్చేసి కోర్టు కేసులో ఇరుక్కున్నారు. నవలను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఫాంటే బతుకుదెరువుకి సినిమా స్టూడియోలకు స్క్రిప్టులు రాశాడు. 'గాలివాన' రాసిన పాలగుమ్మి పద్మరాజు గారూ సినిమాకే వెళ్ళారు కదా, ఆ దారి మనకీ కొత్త కాదు. తన నవల 'ఫుల్ ఆఫ్ లైఫ్'కి ఫాంటేనే స్క్రిప్టు రాయగా 1956లో సినిమా వచ్చింది. డబ్బు వచ్చింది, మాలిబూలో ఇల్లు వచ్చింది. నవలలు మాత్రం దాదాపు ఆగిపోయాయి.

కొండ దిగువన ఫిఫ్త్ స్ట్రీట్, గ్రాండ్ అవెన్యూ కలిసేచోట 'జాన్ ఫాంటే స్క్వేర్' అన్న బోర్డు ఉంది. 2010లో పెట్టారు. దాని పక్కనే సెంట్రల్ లైబ్రరీ. బోర్డు పెట్టడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు. నవలలో బాండినీ లైబ్రరీకెళ్ళి, రేపు తన పుస్తకం 'బి' అక్షరం అరలో ఆర్నాల్డ్ బెనెట్ పక్కన నిలబడుతుందని మురిసిపోతాడు. తర్వాత పేరుమోసిన అమెరికన్ రచయిత చార్లెస్ బుకౌస్కీకి కుర్రవాడిగా ఆకలితో తిరిగే రోజుల్లో ఆ నవల దొరికింది కూడా ఈ ఊరి లైబ్రరీలోనే. ఆ బుకౌస్కీ పట్టుబట్టి, ముందుమాట రాసి 1980లో దాన్ని మళ్ళీ అచ్చు వేయించాడు.

అప్పటికి షుగర్ వ్యాధి ఫాంటే చూపును తీసేసింది, కాళ్ళూ తీసేయాల్సి వచ్చింది. ఆ స్థితిలో ఆయన చెబుతుంటే భార్య జాయిస్ రాసుకుంది. అలా 1982లో వచ్చిందే 'డ్రీమ్స్ ఫ్రమ్ బంకర్ హిల్'. లైబ్రరీలో ఆ పుస్తకం తీసుకుని ఓ మూల కూర్చున్నాను. కళ్ళు లేని మనిషి చెప్పిన వాక్యాల్లో ఎక్కడా జాలి కోరడం లేదు. అదే పొగరు, అదే కుర్రతనం. ఆ మరుసటి ఏడాది, 1983 మేలో ఫాంటే చనిపోయాడు.

ఆయన తండ్రి ఊరు టోరిచెల్లా పెలిన్యాలో 2006 నుంచి ఆయన పేరిట సాహిత్యోత్సవం జరుగుతోంది. ఎప్పటికైనా ఆ ఊరికీ వెళ్తాను.