జరగని పనికి ఇంత జాగ్రత్తా?

"ఎప్పటికీ ఫెయిల్ కాదంటున్నావుగా, మరి చెక్ ఎందుకు రాశావు? తీసెయ్."

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ)లో ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేసే నా కోడ్ రివ్యూలో అందరి ముందూ మా జర్మన్ సీనియర్ అన్న మాట ఇది. నేనడిగిందల్లా, చిన్న కె-మాలక్ (కెర్నల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్) ఫెయిలవడం ఎవరు చూశారు, ఫెయిలైతే వెళ్ళే దారి మీద ఇంతసేపా అని.

నా లెక్కలో తప్పేం లేదు. ఒకటి రెండు పేజీల మెమరీ అడిగితే కెర్నల్ మామూలుగా లేదనదు, ఎక్కడో అక్కడ ఖాళీ చేయించి ఇస్తుంది. హైదరాబాద్‌లో చేసినన్నాళ్ళూ శుక్రవారం డెమోకి మౌంట్ అయితే, అంటే డిస్క్ సిస్టమ్‌కి తగిలి ఫైళ్ళు కనిపిస్తే, చాలు. కాకపోతే ఏమవుతుందో చూసే తీరికా, ఆ తీరికకి డబ్బు కట్టే క్లయింటూ మాకెక్కడ? మావాళ్ళకి చేతకాక కాదు.

అయితే ఫెయిలయ్యేది మెమరీ ఒక్కటే కాదు. పాడైన డిస్క్ ఇమేజ్ అయితే సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే చోటు) చదివాక కూడా రూట్ ఐనోడ్ (అన్నిటికీ పైనున్న డైరెక్టరీ రికార్డు) దగ్గర మౌంట్ ఆగిపోవచ్చు. సిజ్‌కాలర్ లాంటి ఫజ్జర్లు (తప్పుడు ఇన్‌పుట్‌లిచ్చి కోడ్‌ని పరీక్షించే టూల్స్) అలాంటివే తయారుచేసి మీదకి వదులుతాయి. మౌంట్ ఆగితే అప్పటిదాకా తీసుకున్నవన్నీ వెనక్కివ్వాలి, చివర తీసుకున్నది ముందు. కెర్నల్ కోడింగ్ స్టైల్‌లో 7వ అధ్యాయం ఇందుకు వాడే గోటూ లేబుళ్ళ (ఎర్రరొస్తే కోడ్ దూకే చోట్ల) గురించే. పీటల మీద ఆగిపోయిన పెళ్ళిలో టెంట్ హౌస్ సామాను అప్పజెప్పడమే అనుకోండి: తెచ్చినవే ఇవ్వాలి, ఒకే గంగాళాన్ని రెండుసార్లు లెక్కలో చూపకూడదు.

ఆ రెండోసారితోనే అసలు తంటా. డి-మేక్-రూట్ అనే ఫంక్షన్‌కి ఐనోడ్ ఇచ్చి డెంట్రీ (పేరుని ఐనోడ్‌తో కలిపే రికార్డు) చేసిపెట్టమంటాం. కుదరకపోతే అది నల్ (ఏమీ లేదని) ఇచ్చి ఊరుకోదు, ఆ ఐనోడ్‌ని తనే ఐపుట్ చేసేస్తుంది, అంటే వదిలేస్తుంది. ఇది తెలియనివాడు శ్రద్ధ కొద్దీ ఎర్రర్ లేబుల్ కింద ఇంకో ఐపుట్ రాస్తాడు. రెఫరెన్స్ లెక్క (దాన్ని ఎందరు పట్టుకున్నారన్నది) రెండుసార్లు తగ్గుతుంది. మరిచిపోతే కాస్త మెమరీ లీకవుతుంది, అంతే. ఎక్కువ శుభ్రం చేస్తే మాత్రం అప్పటికే వదిలేసిన మెమరీని ముట్టుకుని కెర్నల్ కూలిపోవచ్చు.

మా సీనియర్ ఫెయిల్‌స్లాబ్ అనే కెర్నల్ పరీక్షా సదుపాయం ఆన్ చేసి, కె-మాలక్‌ని పనిగట్టుకుని ఫెయిల్ చేయిస్తూ నా లేబుళ్ళన్నీ నడిపించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "గుట్" అన్నారు, అంతే! మా హైదరాబాద్ లీడ్ అయితే నలుగురిలో అంత మాట అన్నందుకు సాయంత్రం ఇరానీ చాయ్ తాగించి సర్దిచెప్పేవారు. కాకపోతే కె-మాలక్‌ని కావాలని పడగొట్టి చూద్దామని ఆయనకి తోచేది కాదు. తోచినా శుక్రవారం డెమో ఉండనే ఉంది.