వాడిన పూల కొలువు

దేవరకొండ దిక్కు నుంచి దుబాయి పోయిండంటే సెంట్రింగ్ పనో, డ్రైవింగో, లేకుంటే గోదాములో మూటలు మోయడమో అనుకుంటారు. నేను పూల పని అంటే మా పెద్దమ్మ దండలు గుచ్చుతున్నాననుకుని నవ్వింది. అసలు సంగతి చెప్పాక నవ్వు ఆగిపోయింది.

"వాడిన పూలు దాచిపెట్టుమని పైసలిస్తరా బిడ్డా?"

ఇస్తారు. పెళ్లిలో పట్టుకున్న బొకేను తెల్లారే తెచ్చి మాకిస్తారు. ఆలస్యమైతే కష్టం, రెక్కల అంచులు ఒకసారి గోధుమ రంగుకు తిరిగాక ఎవరూ ఏమీ చేయలేరు.

చెప్పుల డబ్బాల్లో చిన్న పొట్లం వస్తుందే, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, అదే మాకు పెట్టుబడి. గులాబీ కాడను పొట్టిగా కత్తిరించి, ఎండితే విరుగుతుంది కాబట్టి సన్నటి తీగ గుచ్చి, పువ్వు మొహం పైకి ఉండేట్టు డబ్బాలో నిలబెడతాం. తర్వాత చెంచాతో జెల్ పోయాలి. గబుక్కున పోస్తే బరువుకు రెక్కలు అణిగిపోతాయి. చుట్టూ కొంచెం, రెక్కల సందుల్లో కొంచెం, మళ్లీ చుట్టూ. మూత బిగించి వారం దాకా ముట్టొద్దు. తీశాక మెత్తటి కుంచెతో దులపాలి. ఈ దులపడంలోనే కొత్తవాళ్ల చేతిలో పూలు రాలేది. నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో వేడిచేస్తాం, మళ్లీ నీలమైతే మళ్లీ వాడతాం.

ఎర్ర గులాబీ ఎండితే ముదిరి నల్లబడుతుంది, తెల్లది మీగడ రంగుకు వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే తర్వాత గొడవే. ఫ్రేములో గాలి చొరకుండా బిగించాల్సిందే, ఆగస్టులో దుబాయి గాలి తగిలిందంటే ఎండిన పువ్వు మళ్లీ మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి నిలుస్తాయంటూ గాజు బుడ్డిలో పెట్టి అమ్మే గులాబీలు వేరు. వాటిలో నీరు తీసేసి గ్లిజరిన్, రంగు ఎక్కిస్తారు. ఎక్కువగా ఈక్వెడార్ సరుకు. చూడ్డానికి బాగుంటాయి గానీ, నాకైతే అవి పువ్వులనిపించవు.

ఈమధ్య మనవాళ్లు పెళ్లి దండలు కూడా తెస్తున్నారు. చామంతి పర్వాలేదు. మల్లె మాత్రం ఎంత జాగ్రత్తపడ్డా గోధుమ రంగే, వాసన అసలే ఉండదు. ఆ మాట చెప్పేసరికి కొందరు ఆడవాళ్ల మొహం చిన్నబోతుంది.

మనకు పూలు దాచుకునే అలవాటేది? దేవుడికి పెట్టినవి తెల్లారి తీసి చెట్టు మొదట్లో వేస్తాం. సద్దుల నాడు బతుకమ్మను చెరువులో వదిలేస్తాం. కానీ ఆ బతుకమ్మలోనే పేర్చే గునుగు పువ్వుకు నా జెల్ అక్కర్లేదు. చేలో కలుపులా మొలిచే ఆ పువ్వు కాగితంలా పొడిగానే ఉంటుంది, తలకిందులుగా కట్టి ఆరబెడితే చాలు. పట్టుకుచ్చులూ అంతే. తంగేడు అట్లా కాదు, రెక్కలు నిలవవు.

మా తమ్ముడు బత్తాయి తోటలో సాళ్ల నడుమ బంతి వేసి, దసరా ముందు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలుతాడు. పండుగ దాటిందంటే అడిగేవాడుండడు. ఈసారి గట్ల వెంట గునుగు పీకకుండా ఉంచమన్నాను. ఎండలో వేస్తే రంగు పోతుంది, చీకటి గదిలో గాలి ఆడేట్టు కట్టమన్నాను. మొన్న ఫొటో పెట్టాడు. కట్టడం బాగానే కట్టాడు గానీ కాడలు జానెడే ఉన్నాయి. మూరెడన్నా ఉంటేనే ఫ్లవర్‌వాజులో పెట్టడానికి పనికొస్తాయిరా అని ఫోన్‌లో అరిచాను.

"బతుకమ్మకు ఇట్లనే కోస్తం గదనే" అన్నాడు.